నోటీసు చింపినవాడు

నోటీసు బోర్డు మీది కాగితాన్ని ఆ ముసలాయన పట్టపగలే, అందరూ చూస్తుండగానే చింపేశాడు.

విద్యార్థులు అతికించిన కాగితం మీద చెయ్యి వెయ్యడానికి నాందేడ్‌లోని ఆ కాలేజీలో ప్రిన్సిపాలు కూడా జంకేవాడు.

అది 1970 సెప్టెంబరు. బోర్డు నిండా అవకాశాలే. ఔరంగాబాదులో వక్తృత్వ పోటీ, ఎన్.సి.సి. క్యాంపు, బ్యాంకు పరీక్ష ఫారాలు. ముసలాయన వాటి జోలికి పోలేదు. ఏరి ఏరి ఒక్కటే చింపాడు.

దాని మీద ఈదుతున్న మనిషి బొమ్మ ఉంది. ఆదివారం గోదావరిలో ఈత పోటీ. నడి ఏటిలో ఉన్న నల్లబండను చుట్టి రావాలి. మొదట వచ్చినవాడికి యూనివర్సిటీ జట్టులో చోటు.

మరాఠీవాడైన ప్యూను వెంకట్రావ్ అతని రెక్క పట్టుకుని తెచ్చి జిమ్‌ఖానా సెక్రెటరీగా ఆటల పోటీలు నడిపే విద్యార్థి విశ్వేశ్వర్ ముందు నిలబెట్టాడు. విశ్వేశ్వర్ ఎన్నికల్లో గెలిచి రెండు నెలలే అయింది గానీ, నడకలో సెక్రెటరీతనం అప్పుడే వచ్చేసింది.

మోకాళ్ల పైకి పంచె, భుజం మీద తాడు చుట్ట, ఎర్రబడ్డ కళ్లు. విశ్వేశ్వర్ వెనక నిలబడ్డ కుర్రాళ్లను ముసలాయన ఒక్కొక్కరినే తల నుంచి పాదాల దాకా చూశాడు. ఎత్తు కొలుస్తున్నట్టుంది ఆ చూపు. ఎవరికీ నచ్చలేదు.

"నువ్వు కుండల్‌వాడి ఊరి భోజన్న కొడుకువంట గద బిడ్డా," అన్నాడు విశ్వేశ్వర్‌తో, తెలుగులో. "గందుకే నీ కోసం అచ్చిన. నాకు మరాఠీ రాదు. నువ్వే చెప్పాలె ఈళ్లకు."

విశ్వేశ్వర్‌కు తల తీసేసినట్టయింది.

మూడేళ్లుగా హాస్టల్లో అతను తన ఇంటి భాష మరాఠీ అనే చెప్పుకుంటున్నాడు. తల్లి పార్వతీబాయి చూడవస్తే బస్టాండులోనే మాట్లాడి తిరుగు బస్సు ఎక్కించేవాడు. ఇప్పుడీ ముసలాయన వచ్చి అందరి ముందూ పరువు తీస్తున్నాడు.

"కాయ్ మ్హణతో రే?" ఏమంటున్నాడని అడిగాడు దేవిదాస్. విశ్వేశ్వర్ రూమ్మేటు, కిన్వట్ కుర్రాడు. పోటీలో గెలిచేది అతనేనని కాలేజీ అంతటికీ తెలుసు.

"ఈపాలి వరదకు నల్లబండ కింద గుండం పడ్డది," ముసలాయన ఆగలేదు. "పైకి ఏం కానరాదు. కిందికెల్లి కాళ్లు పట్టి గుంజుతది. పిల్లలను దింపకుండ్రి."

ప్రతి ముక్కా అర్థమైంది. అర్థమైనట్టు కనబడకుండా ఉండటానికి విశ్వేశ్వర్ నానా తంటాలు పడ్డాడు.

"నాకేం తెలుసు?" అన్నాడు మరాఠీలో. "ఎవడో పిచ్చోడు."

అందరూ నవ్వారు. వెంకట్రావ్ ముసలాయన్ను గేటు దాటించాడు.

సాయంత్రం విశ్వేశ్వర్ ఒక్కడే వెళ్లి నదిని చూసి వచ్చాడు. మనసు కొంచెం పీకింది మరి. నల్లబండ చుట్టూ నీళ్లు కదలకుండా ఉన్నాయి. మిగతా ఏరంతా పారుతుంటే అక్కడొక్కచోటే అంత నిమ్మళం ఏమిటని అతనికి తోచలేదు. ముసలాళ్లకు అన్నీ భయాలే అనుకుని, కొత్త నోటీసు తనే రాసి అతికించాడు. పోటీదారుల్లో మొదటి పేరు దేవిదాస్‌ది.

ఆదివారం పొద్దున కుర్రాళ్లు బయల్దేరేసరికి ముసలాయన గేటుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. దేవిదాస్ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"నువ్వు పోకు నాయినా. నీళ్లు మంచిగ లేవు. నా మాట ఇను."

దేవిదాస్ విశ్వేశ్వర్ వైపు తిరిగాడు. "ఏదో చెప్పాలని చూస్తున్నాడురా," అన్నాడు మరాఠీలో. "నీకేమైనా అర్థమవుతోందా? నిజం చెప్పు."

అవునంటే చాలు. కానీ అవునంటే, మూడేళ్లు ఎందుకు అబద్ధమాడావని అడుగుతారు. పైగా యూనివర్సిటీ నుంచి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు అప్పటికే నది ఒడ్డున ఘాటు మెట్ల మీద కుర్చీల్లో కూర్చుని ఉన్నారు.

"ఒక్క ముక్క కూడా రాదు నాకు," అన్నాడు విశ్వేశ్వర్. "వెంకట్రావ్, ఈయన్ని స్టోరు గదిలో పెట్టి తాళం వెయ్యి. పోటీ అయ్యాక వదులుదాం."

తలుపు మీద బాదుతూ ముసలాయన పెట్టిన కేకలు రోడ్డు మలుపు దాకా వినిపించాయి. అవి ఎవరికి అర్థం కావాలో వాడికే అయ్యాయి, వాడే అందరికన్నా వేగంగా నడిచాడు.

పదకొండు మంది దూకారు.

దేవిదాస్ అందరికన్నా ముందున్నాడు. ఘాటంతా ఈలలు. అతను నల్లబండ చేరాడు, అవతలి వైపుకు తిరిగాడు.

ఇవతలికి రాలేదు.

వెనక వస్తున్నవాళ్లు హడలిపోయి మధ్యలోనే మళ్లారు. విశ్వేశ్వర్ ఒడ్డెక్కినవాళ్లను లెక్కపెట్టాడు. పది. మళ్లీ లెక్కపెట్టాడు. పదే.

పూలమ్మే సుందరాబాయి బుట్ట అక్కడే పారేసి మెట్లు దిగి పరుగెత్తుకొచ్చింది. "మారోతిని పిలువుండ్రి! జల్ది పిలువుండ్రి!" అని తెలుగులో అరిచింది.

కుర్రాళ్లు అర్థం కాక ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

విశ్వేశ్వర్ ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "మారోతి ఎవలవ్వా? ఏడున్నడు? చెప్పవ్వా, నీ కాళ్లు మొక్కుత!"

మూడేళ్లుగా దాచుకున్న భాష అందరి ముందూ బయటపడింది. ఇప్పుడు దాని గురించి అతన్ని అడిగేవాళ్లెవరూ లేరు.

"ఎవలేంది బిడ్డా? బాసరకెల్లి అచ్చిన బెస్తాయన. పోయినేడు ఈ నీళ్లకెల్లి ఆరుగురిని పానంతోని పైకి తీసిండు. ఆ గుండంల దిగి మల్ల పైకచ్చేటోడు ఈ ఊర్ల ఆయనొక్కడే. పిల్లలు మాట ఇనకుంటె నేనే ముందుగాల పోయి ఆ బండ కాడ నిలవడత, ఒక్కణ్ణి గూడ మునగనియ్య అని పొద్దుగాల్నే మీ కాలేజికి పొయ్యిండు గద, ఇంకా రాలేదేంది?"