పగిలిన దీపాలకు జవాబు

"నాకు అర్థం కాలేదమ్మా" అన్నాడు గళ్ళ చొక్కా పెద్దాయన.

అలా అనడం అది మూడోసారి. డిక్షనరీకి ఒళ్ళు మండిపోయింది.

డిక్షనరీ అంటే ఆమె అసలు పేరు కాదులెండి. ఎవరికీ నోరు తిరగని ఇంగ్లీషు మాటలు రాస్తుందని క్లాసులో అలా పిలిచేవారు. పైకి విసుక్కునేది గానీ, లోలోపల ఆమెకూ గర్వమే.

ఆఫీసు ఉత్తరాలు ఇంగ్లీషులో రాయడం నేర్పే క్లాసు అది. అక్కడ పాఠాలు వల్లె వేయించరు. నిజం పని ఒకటి తెచ్చి చేతిలో పెడతారు, చేస్తూ నేర్చుకోవాలి.

ఈసారి పని గాజు దీపాలది. ఒక కంపెనీ పంపిన దీపాలు దారిలో పగిలిపోయాయి. కొన్నాయన మండిపడుతూ ఫిర్యాదు రాశాడు. క్లాసులోని రెండు జట్లూ ఆయనకు చెరో జవాబు రాయాలి.

"ఎవరి ఉత్తరం నెగ్గితే ఆ జట్టు నాయకులకి ఆ కంపెనీలోనే ఉద్యోగం" అని చెప్పింది మేడమ్. "ఈ పెద్దాయన బయటివారు. చీటీలో ఎవరికొస్తే ఆ జట్టులో కూర్చుంటారు. ఏదైనా అడగొచ్చు. ఉంచుకోవడం, వదులుకోవడం మీ ఇష్టం."

చీటీ ఒక జట్టు నాయకురాలైన డిక్షనరీకే తగిలింది.

ఆ ఉద్యోగం ఆమెకు కావాలి. భర్త పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇల్లంతా ఆమె కుట్టుమిషను మీదే నడుస్తోంది.

అందుకే ప్రాణం పెట్టి రాసింది. పెద్దాయన కోసం తెలుగులో కూడా చెప్పింది.

"తమకు వాటిల్లిన అసౌకర్యమునకు ప్రగాఢ విచారము వ్యక్తం చేయుచూ, సదరు విషయమును సమగ్రముగా పరిశీలించుచున్నామని..."

"అంటే దీపాలు మళ్ళీ పంపుతారా, పంపరా?"

"అది చివర్లో వస్తుంది బాబాయ్ గారూ!"

"దీపాలు పగిలినవాడికి అంత ఓపిక ఉంటుందా తల్లీ?"

జట్టులో ఇంకొకడు, పొడుగోడు, కిసుక్కున నవ్వాడు. డిక్షనరీ నవ్వలేదు.

మర్నాడు పెద్దాయన ఇంకో ప్రశ్న వేశాడు. "పోనీ, కొట్టు తెరిచే రోజుకైనా వస్తాయా?"

"ఏ కొట్టండీ? ఫిర్యాదులో కొట్టు ఊసే లేదు."

"కోపంలో ఉన్నవాడు అన్నీ రాస్తాడా అమ్మా?"

"రామాయణంలో పిడకల వేట అంటే ఇదే" అన్నాడు పొడుగోడు.

డిక్షనరీ ఇక ఆగలేకపోయింది. నేరుగా మేడమ్ దగ్గరికి వెళ్ళింది.

"ఆయన్ని అవతలి జట్టుకు పంపేయండి మేడమ్. నేనొక్క వాక్యం రాస్తే ఆయన నాలుగు ప్రశ్నలు వేస్తున్నాడు."

"బాగా ఆలోచించుకున్నావా?"

"ఆలోచించాను. నా బతుకు దీని మీదే ఉంది మేడమ్."

మేడమ్ పెద్దాయన వైపు ఒకసారి చూసింది. "సరే, నీ ఇష్టం" అంది.

పెద్దాయన లేచి కుర్చీని గోడవారగా సర్దాడు. "బాగా రాయి తల్లీ" అని అవతలి బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"పీడ విరగడైంది" అన్నాడు పొడుగోడు.

అవతలివాళ్ళు ఆయన్ని అడగడం, రాయడం, కొట్టేయడం, మళ్ళీ అడగడం. డిక్షనరీ చూసి జాలిపడింది. పాపం, వాళ్ళ పని గోవిందా అనుకుంది.

ఆఖరి రోజున డిక్షనరీ ఉత్తరం పేజీ నిండా ఉంది. అవతలివాళ్ళది నాలుగే ముక్కలు. మేడమ్ దాన్ని చదివి తెలుగులో చెప్పింది.

"తప్పు మాదే, మన్నించండి. కొత్త దీపాలు మా ఖర్చుతోనే పంపుతున్నాం. శుక్రవారం మీ కొట్టు తెరిచేలోపు చేరతాయి. పగిలినవి తిప్పి పంపనక్కర్లేదు."

కొట్టు సంగతి వీళ్ళు కూడా నమ్మేశారా అని డిక్షనరీ ముక్కున వేలేసుకుంది.

నెగ్గింది ఆ నాలుగు ముక్కలే.

క్లాసువాళ్ళందరూ వెళ్ళిపోయారు. డిక్షనరీ ఒక్కతే కూర్చుండిపోయింది. ఇంటికెళ్ళి భర్తకు ఏం చెప్పాలో తోచలేదు. లేచి, కాగితాలు సర్దుకుంటున్న మేడమ్ దగ్గరికి వెళ్ళింది.

"నా ఉత్తరంలో ఒక్క తప్పు చూపించండి మేడమ్."

"ఒక్కటీ లేదమ్మా."

"మరి నన్నెందుకు కాదన్నారు?"

"నేను కాదు. దీపాలు కొన్నాయనే రెండూ చదివి తేల్చారు."

డిక్షనరీ తెల్లబోయింది. "ఆయన నిజంగా ఉన్నారా? నాది చదివి ఏమన్నారు?"

మేడమ్ గోడవారగా ఉన్న ఖాళీ కుర్చీ వైపు చూసింది.

"'పక్కనే కూర్చుని ఎన్నిసార్లు చెప్పానో, నాకు అర్థం కాలేదమ్మా అని' అన్నారు."