గడప దగ్గరి చెప్పులు

“ఇది పరిశోధన కాదమ్మా. ఇంట్లో కూర్చుని వండిన లెక్క,” అన్నాడు పరీక్షకుల అధ్యక్షుడు లహ్సెన్, సిద్ధాంత గ్రంథాన్ని బల్ల మీదికి విసిరి.

హాల్లో ఇత్తో డాక్టరేట్ పరీక్ష నడుస్తోంది. ఇత్తో వాళ్ల అమ్మ, ఆమెతోపాటు అట్లాస్ కొండల్లోంచి వ్యాను మాట్లాడుకుని వచ్చిన ఆడవాళ్లు, గొంతులో సిద్ధంగా పెట్టుకున్న సంబరపు కేకలు మింగేశారు. వేదిక ముందు నిలబడ్డ ఇత్తో కదల్లేదు. ఆ మాట తీర్పులోకి ఎక్కిందంటే డాక్టరేట్ పోవడంతో ఆగదు. దొంగ లెక్కల పిల్ల అన్న ముద్ర పడుతుంది. మొరాకోలో ఇంకే విశ్వవిద్యాలయమూ గుమ్మం ఎక్కనివ్వదు.

పొద్దున ఇలా లేదు. మామూలుగా తీర్పు వచ్చాక విద్యార్థి ఇంటివాళ్లు మిఠాయిలు పంచుతారు. ఇవాళ లహ్సెనే ఇంట్లో చేశారంటూ ఓ డబ్బా పట్టుకొచ్చాడు. జింక కొమ్ముల్లా వంగిన బాదం కజ్జికాయలు. తోటి పరీక్షకులకి, ఇత్తోకి, ఆఖరికి వాళ్ల అమ్మకి కూడా తన చేత్తోనే ఇచ్చాడు. నిద్రలేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి. నల్లకోటు భుజం మీద తెల్ల మరక. గణాంకాలు చెప్పే మాస్టారు కదా, సుద్ద అంటుకుని ఉంటుంది. మంచి మనిషిలా ఉన్నాడే అని అమ్మ మురిసిపోయింది కూడా. తీపి పెట్టిన ఆ చెయ్యే ఇప్పుడు గొంతు నులుముతోంది.

ఇత్తో పరిశోధన గణితం, సమాజశాస్త్రం, భాష, వ్యాపారం అని చూడకుండా నాలుగు శాఖల గోడలూ దూకింది. అందుకే నాలుగు శాఖలకీ కంటగింపయింది. చెప్పిన సంగతి మాత్రం చిన్నదే. కొండల్లో సంత రోజున ధాన్యం కొలిచేవాడు మొదటి కొలతని ఒకటి అనడు, దీవెనగా బరకత్ అంటాడు. మంద ఎంతుందని అడిగితే గొర్రెలవాడు తగ్గించి చెబుతాడు. పిల్లలెందరని అడిగితే తల్లి ఒకరిని దాచుకుని చెప్పి, దిష్టి తగలకుండా అయిదు వేళ్లూ విప్పి చూపిస్తుంది. ఇత్తో ఆ జవాబు రాసుకుని వచ్చేయలేదు. గడప దగ్గర విడిచిన బుల్లి చెప్పులు చూసింది. శుక్రవారం కుస్కుస్ పళ్లెం చుట్టూ చేరిన తలలు చూసింది. ఆ తేడాని సూత్రంలో పెట్టి, ఇన్నేళ్ల సర్వేలన్నీ తక్కువ లెక్కలేనని తేల్చేసింది.

ఆ సర్వేల్లో సగం లహ్సెన్ చేసినవి. ఏ ఊరికి ఎంత బడి కావాలో, ఎన్ని టీకాలు పంపాలో పైవాళ్లు ఆయన పట్టికలు చూసే రాశారు. టీకాలు సగంలో అయిపోతే కొండజనం క్రమశిక్షణ లేనివాళ్లని తిట్టారే గాని, పట్టికని ఒక్కడూ తిట్టలేదు.

“చెప్పులు లెక్కపెట్టడం శాస్త్రమా?” అని నవ్వాడు లహ్సెన్. “చుట్టాల పిల్లలు రారా? పక్కింటివాళ్లు రారా?”

వాళ్లని తీసేశాకే లెక్క కట్టానని ఇత్తో చెప్పింది. ఎలా తీసేసిందో కూడా వివరించింది. ఆయన కాగితాలు తిప్పుతూ కూర్చున్నాడు. ఇత్తో గైడు పైకప్పుకేసి చూస్తున్నాడు. లహ్సెన్ సంతకంతో ఉద్యోగం తెచ్చుకున్నవాడు ఇంకెటు చూస్తాడు? లహ్సెన్ పక్కనే కూర్చున్న భాషాశాఖ జహూర్ ఒక్కతే అడ్డుపడింది. మనవాళ్లు ఏ మాట దగ్గర నాలుక మడతేస్తారో ఈ పిల్ల బాగానే పట్టుకుందని ఏదో అనబోయింది.

“లల్లా జహూర్, నేను పుట్టింది ఆ కొండల్లోనే,” అని లహ్సెన్ ఆమెని ఆపేశాడు. “ఈ పిచ్చి నమ్మకాలు మా అమ్మతోనే పోయాయి. ఈ పిల్ల మనవాళ్లందర్నీ అబద్ధాలకోరుల్ని చేస్తోంది.”

“అబద్ధం అనలేదు ఉస్తాద్, భయం అన్నాను,” అంది ఇత్తో. “అడగ్గానే ఆలోచించరు. నోరే తగ్గించేస్తుంది.”

“చదువులేని నోరు.”

“చదువుకున్న నోరు కూడా. అయిదో అధ్యాయం అంతా వాళ్ల గురించే.”

“ఆ అధ్యాయం ఒక్కటి చాలు నిన్ను ఇంటికి పంపడానికి. చదువుకున్నవాడు సొంత బిడ్డని లెక్కలోంచి ఎగ్గొడతాడా? ఎవడన్నా వింటే నవ్విపోతాడు.” లహ్సెన్ కలం మూత తీశాడు. “ఆఖరిగా చెప్పుకునేదేమన్నా ఉందా?”

ఇత్తో పట్టికలన్నీ చూపించేసింది. సూత్రాలన్నీ అప్పజెప్పేసింది. వెనక అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. ఇత్తో మళ్లీ అధ్యక్షుడికేసి తిరిగింది. ఆమె చూపు ఆయన భుజం దగ్గర ఓ క్షణం ఆగింది.

“చెప్పడానికేం లేదు ఉస్తాద్. ఒక్కటి అడుగుతాను. కొండల్లో ప్రతి గడపలోనూ అడిగిందే. మీకు పిల్లలెందరు?”

“ఇద్దరు,” అన్నాడు లహ్సెన్, రెప్ప కూడా వాల్చకుండా. బల్ల మీద ఆయన కుడిచేతి వేళ్లు అయిదూ వాటంతటవే విచ్చుకున్నాయి.

ఇత్తో కూర్చుండిపోయింది. ఇదేం ప్రశ్న, ఇదేం జవాబని హాల్లో అందరూ మొహాలు చూసుకున్నారు. లహ్సెన్ కలాన్ని కాగితానికి ఆనించాడు.

జహూర్ మిఠాయి డబ్బా దగ్గరికి లాక్కుని ఇంకో కజ్జికాయ తీసింది. ఆయన భుజం మీది మరకకేసి చూస్తూ నెమ్మదిగా కొరికింది.

“మొన్న పేరు పెట్టిన మీ మూడో పాప కులాసానా, లహ్సెన్ గారూ?”