నాచారం నుంచి ఒకరు

గ్రేస్‌కు పెళ్లయి నెల తిరగలేదు. అబ్రహాం చొక్కా ఉతికి దండెం మీద ఆరేయడం కూడా ఆమెకు పండగలాగే ఉంది.

ఆ చొక్కా చేతులు సాపు చేస్తూ తనలో తను నవ్వుకుంటూ ఉండగా, బక్కపలచటి మనిషి ఒకడు వాకిట్లో సైకిలు దిగాడు. ఆడవాళ్లకు పనికొచ్చే దవాఖానా సంగతి ఒకటి చెప్పాలన్నాడు.

గ్రేస్ ముఖం జేవురించింది.

నాచారం ఫ్యాక్టరీల వెనక ఆ బస్తీలో పరాయి మగవాడు ఆడవాళ్ల దగ్గర దవాఖానా పేరెత్తాడంటే ఒకటే అర్థం. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు మనుషుల్ని పోగుచేసే బాపతు. తీసుకెళ్లిన కేసుకు ఇంతని వాళ్లకు ముడుతుంది.

“పెండ్లయి నెల కాలే. అప్పుడే నాకు ఆపరేషనా? సిగ్గుండాలె.”

ఎదురింటి వెంకటనర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “పిల్ల చేతుల గోరింట గూడ పోలే. జర ఆగరాదయ్యా.”

ఆ మనిషి తడబడ్డాడు. తాను వచ్చింది ఆమె కోసం కాదట, ఆమె అత్త విక్టోరియా కోసమట. తన పేరు ఉప్పలయ్య, ఉండేది ఉప్పల్‌లో. రొమ్ము ఆపరేషన్ అయ్యాక చూపించుకోవడానికి వచ్చిన విక్టోరియాను క్యాన్సర్ దవాఖానా వరసలో చూశాడట. అలా ఆపరేషన్ అయినవాళ్లకు అక్కడ ఒక కొత్త మందు ఇచ్చి చూస్తున్నారట.

ఇచ్చి చూడడమన్న మాట దగ్గరే గ్రేస్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. డిగ్రీ చదివిన పిల్ల. ప్రయోగమంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

“మా అత్త మీద పరీక్ష జేస్తరా? బంగ్లాలోళ్లు దొరకలేదా మీకు? బస్తీలోళ్ల పానమంటే గంత అగ్గువనా?”

“బంగ్లాలోళ్లే ఉన్నరమ్మా అండ్ల. మనోళ్లు ఒక్కరు గూడ లేరు” అన్నాడు ఉప్పలయ్య. “పని జేస్తదో లేదో డాక్టర్లకే ఎరుక లేదు, అబద్ధమెందుకు. కానీ మనోళ్లకు ఇచ్చి సూడకపోతే, మన ఒంటికి పడ్తదో లేదో రేపు ఎవ్వలు జెప్తరు?”

ఈ తియ్యటి మాటలకు నీకెంత ముడుతుందో అది చెప్పమంది గ్రేస్.

అతను నేల చూపులు చూశాడు. ఇక అడగాల్సిందేముంది?

గల్లీ అంతా అతనికి ‘కేసులాయన’ అని పేరు పెట్టింది.

అయినా ఆదివారం మళ్లీ వచ్చాడు. చర్చి నుంచి అప్పుడే ఇల్లు చేరిన అబ్రహాం, పెళ్లి సూటు విప్పకుండానే అతని చొక్కా పట్టుకున్నాడు.

అతను విడిపించుకునే ప్రయత్నమే చేయలేదు. మనవాళ్లు చెప్పినరోజు రారని, సగంలో మానేస్తారని డాక్టర్లకు ఒక నమ్మకమట. మనవైపు నుంచి ఒక్కరు చివరిదాకా నిలబడితే ఆ నోళ్లు మూతపడతాయట. చేర్చుకోవడానికి శుక్రవారమే ఆఖరట. నాచారం నుంచి ఒకరు వస్తారని, ఒక్క చోటు ఆపమని తాను చెప్పి వచ్చాడట.

అబ్రహాం ఒక్క తోపు తోశాడు. మనిషి గోడకు తగిలాడు, సైకిలు మురుగు మోరీలో పడింది.

“ఇంకోపారి ఈ గల్లీల కనబడితే కాళ్లిరుగుతయ్.”

ఉప్పలయ్య సైకిలు ఎత్తుకుని, బురద కారుతున్న హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాడు.

“శుక్రారం, తమ్మీ. నేను ఆడ్నే ఉంట.”

ఆ సాయంత్రం మొగుడు తెచ్చిన మిర్చి బజ్జీలు తింటూ గ్రేస్ ఆ తోపును మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. ఇలాంటివాడు తన మొగుడైనందుకు పొంగిపోయింది. లోపలి గదిలో మంచం మీద విక్టోరియా అన్నీ వింటూనే ఉంది.

శుక్రవారం వచ్చింది, వెళ్లింది.

మర్నాడు అత్తకు వీపు రుద్దుతుంటే చంక కింద గడ్డ గ్రేస్ చేతికి తగిలింది.

“ఇదేంది అత్తమ్మా? ఎప్పటి సంది?”

“పెండ్లికి ముంగటి సందే ఉన్నది బిడ్డా. మీరిద్దరు గంత సంబురంగ ఉంటిరి. ఎట్ల చెప్పాలె?”

“ఆయన వచ్చిననాడన్న చెప్పొద్దా?”

“నువ్వు గంత గట్టిగ వద్దంటివి. సదువుకున్నదానివి, నీకు ఎరుకే ఉంటదనుకున్న.”

గ్రేస్ సబ్బు కింద పెట్టి, అత్త దవాఖానా కాగితాలు వెతికింది.

సోమవారం పొద్దున్నే అత్తను దవాఖానాకు తీసుకెళ్లింది. డాక్టర్ కమలకుమారి గడ్డను నొక్కి చూసి, మామూలు వైద్యం సాగుతుందని చెప్పింది. కొత్త మందు సంగతి అడిగితే మాత్రం తల అడ్డంగా ఊపింది. చేర్చుకోవడం శుక్రవారంతో అయిపోయిందట.

గ్రేస్ లేచి నిలబడింది.

“మా అసుంటోళ్లం వచ్చేసరికి అన్నీ అయిపోతయ్ గద మేడం.”

డాక్టరుకు కోపం రాలేదు. ఒక చోటు ఆ సాయంత్రం దాకా ఖాళీగానే ఉంచామంది. గుమ్మం దగ్గర బల్ల మీద ఒకాయన పొద్దుటి నుంచీ కూర్చున్నాడట. తలుపులు వేయబోతుంటే, నాచారం బస్సు ఆలస్యమై ఉంటుంది, కాసేపు ఆగమని చేతులు జోడించాడట. చివరికి ఆ చోటు బంజారాహిల్స్ ఆవిడకు ఇచ్చేశారట.

ఆ మాటకు గ్రేస్‌కు ఇంకా ఒళ్లు మండింది.

“మీరు పెట్టుకున్న మనిషే గద మేడం? కేసుకెంత ఇస్తరు ఆయనకు?”

కమలకుమారి చేతిలో పెన్ను కింద పెట్టింది.

“మేమెవర్నీ పెట్టుకోలేదమ్మా. ఈ మందు మొదలైన కొత్తలో ఉప్పల్ నుంచి ఒకామె వచ్చింది. మీవైపు వాళ్లు సగంలో మానేస్తారని నేనే వెనక్కి పంపేశాను. ఇప్పుడామె లేదు, ఆయన ఆమె భర్త.”