ఖాళీ చూపించిన డబ్బా

“ఖాళీ,” అంది సుమన రేడియో డబ్బాలోకి తొంగిచూసి.

“ఖాడీ వచ్చిందా! ఇంట్లకే?” వజ్రమ్మ ఒక్క గంతులో మంచమెక్కింది.

“వాగు కాదే అమ్మా! ఈ లైన్ల ఎవ్వరు లేరు, మనం మాట్లాడొచ్చు అంటుంది డబ్బా.”

వానకు ఆపు లేదు, ఫోనుకు ఊపిరి లేదు, ఇంటాయన సోమలింగం ఊసు లేదు. ఖటోదరాలో ఆయన పనిచేసే మరమగ్గాల షెడ్డు చుట్టూ ఖాడీ వాగు పొంగిందని సాయంత్రమే తెలిసింది. కాలేజీ ప్రయోగం కోసం ఆ షెడ్డు అటక మీద సుమన పెట్టిన రెండో డబ్బా ఒక్కటే వాళ్లకిప్పుడు దిక్కు. ఈ డబ్బాలు ముందు వింటాయి. లైన్లో ఎవరూ లేకపోతేనే మాట్లాడనిస్తాయి.

“బాపూ! వినవడుతుందా?”

టక్. టక్‌టక్.

డబ్బా మళ్లీ ఖాళీ అనే చూపించింది. అంత సన్నటి చప్పుడు దాని లెక్కలోకి రాదు. వజ్రమ్మ గుండెలోకి మాత్రం సూటిగా వచ్చింది.

“మీ బాపే! సాంచా మగ్గాల మోతల మాట వినవడదని ఇనుము మీదనే కొడ్తరు గద!”

“జర ఓపిక పట్టు బాపూ!” సుమన అరిచింది, ఏడ్చింది, బతిమాలింది. టక్‌టక్ అంతకంతకూ నీరసపడింది.

అప్పుడే తలుపు తోసుకుని సోమలింగం వచ్చాడు, నడుముదాకా తడిసి.

వజ్రమ్మ ఏడుస్తూనే నవ్వింది. “మరి గా కొట్టుడు ఎవలిదయ్యా?”

సోమలింగం డబ్బాకు చెవి ఆనించాడు.

“మిషిన్ ఆపుండ్రి, మనిషి చిక్కిండు అని చెప్పేటందుకు మేం గిట్లనే కొడ్తం,” అన్నాడు. “అందరు పోయిన్రనుకొని షెడ్డుకు తాళమేసింది నేనే.”