గ్లాసుడు ఆపిల్ రసం

నర్సు ఆపిల్ రసం గ్లాసు పాపకు అందించబోతే దర్జీ పని చేసే తండ్రి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగమ్మా. రెండు గంటల్లో ఆపరేషను పెట్టుకుని ఇదేంటి? పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదుగా."

"అది పాత పద్ధతండీ. ఇప్పుడు రెండు గంటల ముందు దాకా తాగనిస్తున్నాం. దాహంతో ఏడవని పిల్లలు త్వరగా కోలుకుంటారు. సాయంత్రానికి నడిపించేస్తాం, రేపు ఇంటికి పంపేస్తాం."

"గుడ్డ కోసి నేను గిరాకీని పది రోజులు తిప్పుతాను. బిడ్డని కోసి మీరు ఒక్క రోజులో తిప్పి పంపేస్తారన్నమాట."

నర్సు నవ్వింది. పాప గటగటా తాగి మూతి తుడుచుకుంది.

"నాన్నా, అక్కకి కూడా ఇలాగే ఇచ్చారా?"

దర్జీ పాప చేతిలోని ఖాళీ గ్లాసు అందుకున్నాడు. ఆరేళ్ల కిందట ఇదే వార్డులో పెద్దది పొద్దుటి నుంచీ ఒక్క గుక్క నీళ్లడుగుతూనే ఉంది. డాక్టరు మాట జవదాటకూడదని అతనే సీసాను మంచం కింద దాచాడు. ఆపరేషనుకు వెళ్లిన పిల్ల మళ్లీ కళ్లు తెరవలేదు.

"అప్పుడు కూడా తాగించి ఉండొచ్చా అమ్మా?" అని మెల్లగా అడిగాడు.

నర్సు తల దించుకుంది. "అప్పట్లో మాకూ తెలీదండీ."

పాప అతని చొక్కా పట్టి లాగింది. "చెప్పు నాన్నా."

"ఇచ్చారమ్మా," అన్నాడు దర్జీ. "నేనే తాగించాను."