మొదటి వంతు

"ఉమర్ భాయ్, పక్కా ఖబర్! బ్రాంకో కోసం లయన్స్ వాళ్లు కాచుకొని కూసున్నరంట!"

ఫోన్ పైకెత్తి పట్టుకొని ప్రేమ్‌రాజ్ శాలిబండలోని ఉమర్ మొబైల్ రిపేరు దుకాణంలోకి దూసుకొచ్చాడు.

ఉమర్ ఆ మెసేజ్ చదివాడు.

"భాయ్, ఇది నిన్న నువ్వు పుట్టించిన పుకారే కదా."

"నేను పెట్టింది ఒక్క గ్రూపుల. ఇప్పుడు నాలుగు గ్రూపులల్ల తిరుగుతుంది. నిజం కాకుంటే గింతమంది ఎందుకు పంపుతరు?"

ఉమర్ ఫోన్ తిరిగిచ్చేశాడు.

ప్రేమ్‌రాజ్ కంచన్‌బాగ్‌లో ఒక లోహాల ఫ్యాక్టరీలో లేత్ మెషిన్ మీద పనిచేసే టర్నర్. డ్యూటీ దిగాడంటే బాస్కెట్‌బాల్ జట్టు ఓనర్. ఆ జట్టు ఉండేది మాత్రం ఫోన్‌లోనే.

ఉమర్ నడిపే ఆ లీగ్‌లో ఎనిమిది జట్లు. ఆటగాళ్లను కంప్యూటరే పుట్టిస్తుంది, ఆటలూ అదే ఆడిస్తుంది. ఆటగాళ్లను ఎంచుకోవడం, ఒకరితో ఒకరు మార్చుకోవడం, ఓడినప్పుడు ఉమర్‌ను తిట్టడం ఓనర్ల పని. వాళ్లలో చాలామంది ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. గ్రూపులో జట్టు పేరే మనిషి పేరు.

"ఇంట్ల గ్యాస్ బండ మార్చెటందుకు టైం లేదు గని, లేని మనుషులను మార్చెటందుకు మస్తు టైముంది," అంటుంది భార్య భాగ్యశ్రీ.

అది చాలదన్నట్టు, ఏ కొత్త ఆటగాడు ఏ జట్టుకు పోతాడో ప్రేమ్‌రాజ్ జోస్యం కూడా రాస్తాడు. నిరుడు ముప్పై రాస్తే రెండు నిజమయ్యాయి.

అతని 'శాలిబండ స్టార్స్' రెండేళ్లుగా ఆఖరి స్థానంలోనే ఉంది. మూడోసారి కూడా అక్కడే ఉంటే జట్టు చేజారిపోతుంది. అది లీగ్ రూలు.

ఆఖరి జట్టుకు ఒకటే ఊరట. కొత్త ఆటగాళ్లను ఎంచుకోవడంలో మొదటి వంతు దానిదే. రెండో వంతు ఈసారి లాడ్‌బజార్ లయన్స్‌ది.

"కొత్తోళ్లల్ల బ్రాంకోను తీసుకుంట. ఏడడుగుల రెండంగుళాలు! చెయ్యి చాపితే బుట్ట అందుతది," అన్నాడు ప్రేమ్‌రాజ్.

"బేటా, ఆ పొడుగోని దమ్మెంతుందో చూసినవా?"

ఇద్దరూ తల తిప్పారు. పగిలిన ఫోన్ అద్దం మార్పించుకోవడానికి వచ్చిన ఒక పెద్దామె బల్ల మీద కూర్చొని ఉంది. అరవై దాటి ఉంటాయి.

"దమ్ముతోటి ఏం పని ఖాలా? ఎత్తు చూడుండ్రి!"

"వందకు ముప్పై ఒకటే ఉంది. సగం ఆటకే కూలబడుతడు. ఆ పొట్టోణ్ణి తీస్కో, పెపిన్‌ను. వాడు బాల్ అందిస్తే పక్కోళ్లు సుత మంచిగ ఆడుతరు."

ప్రేమ్‌రాజ్ నవ్వాడు.

"ఇది కంప్యూటర్ ఆట ఖాలా. మీకు సమజ్ కాదు."

"కాకపోతే పోనీ. పెపిన్‌ను మాత్రం ఇడ్సిపెట్టకు. మల్ల అఫ్సోస్ పడుతవు."

ఉమర్ ఏదో అనబోయాడు. ఆమె కళ్లతోనే వద్దంది. అతను తల వంచి అద్దం బిగించుకున్నాడు.

ప్రేమ్‌రాజ్ బ్రాంకో పేరు నొక్కాడు.

ఆ సాయంత్రం లయన్స్ పెపిన్‌ను తీసుకుంది. "పాపం, మనం మిగిల్చినోణ్ణి ఏరుకున్నరు!" అని ప్రేమ్‌రాజ్ గ్రూపులో నవ్వుతున్న బొమ్మలు ఓ డజను పెట్టాడు.

బ్రాంకో మొదటి ఆటలో సగం దాకా సింహంలా ఆడాడు. తర్వాత కూర్చున్నాడు. రెండో ఆటలోనూ కూర్చున్నాడు. మూడో ఆటలో ముందే కూర్చున్నాడు.

పెపిన్ మాత్రం పరుగెత్తుతూనే ఉన్నాడు. లయన్స్ గెలుస్తూనే ఉంది.

సీజన్ నడుమ ప్రేమ్‌రాజ్ పౌరుషం చంపుకొని లయన్స్‌కు మెసేజ్ పెట్టాడు. 'నా ముగ్గురు మంచి ఆటగాళ్లను ఇస్త. పెపిన్‌ను ఇయ్యి.'

జవాబు వచ్చింది. 'వద్దు. ముగ్గురిని ఇస్తే నీ జట్టుల ఎవరు మిగులుతరు?'

అతనికి ఒళ్లు మండింది. 'ఉమర్‌తో కుమ్మక్కైన లయన్స్ ఓనర్. పక్కా ఖబర్' అని రాసి పడేశాడు. ఆ పుకారు కూడా నాలుగు గ్రూపులు తిరిగొచ్చింది. దాన్నీ నమ్మాడు.

ఆఖరి ఆట కూడా పోయింది. స్టార్స్ మళ్లీ అట్టడుగునే. జట్టు పోయింది. ఆ రాత్రి ప్రేమ్‌రాజ్ అన్నం ముట్టలేదు. గ్యాస్ బండ భాగ్యశ్రీయే మార్చుకుంది.

ఆదివారం ఉమర్ దుకాణంలో కప్పు ఇస్తారని తెలిసి బయలుదేరాడు. లయన్స్ ఓనర్ ముఖం చూడాలి. నలుగురిలో నిలదీయాలి.

దుకాణం నిండా జనం. బల్ల మీద ఆ పెద్దామె.

"అరె, ఖాలా!" ప్రేమ్‌రాజ్ ఆమె దగ్గరికొచ్చాడు. "మీ మాట ఇనకపోతి. నా జట్టు పోయింది."

"సమజైంది బేటా. మస్తు బాధైంది నాకు."

"లీగ్‌ల గింతమంది ఉన్నరు. నా మంచి కోరి చెప్పింది మీరొక్కరే. మీ మాట ఇంటే పెపిన్ నాకాడ ఉండెడోడు. లయన్స్‌కు ఈ కప్పు వచ్చెడిదా?"

"వచ్చెడిది కాదు," అందామె నెమ్మదిగా.

"ఆ లయన్స్‌వాణ్ణి రానీయుండ్రి. ఇయ్యాల వాని సంగతి చెప్త. మీరు నా పక్కనే కూసోండ్రి."

ఆమె జరిగి చోటిచ్చింది. ప్రేమ్‌రాజ్ కూర్చొని గుమ్మం వైపే చూడసాగాడు.

ఉమర్ లోపలి నుంచి కప్పు తెచ్చాడు, గుమ్మం వైపు పోకుండా నేరుగా బల్ల దగ్గరకొచ్చి, "తీసుకోండ్రి ఖైసర్ ఆపా, మీ లయన్స్ కప్పు," అంటూ ఆమె చేతుల్లో పెట్టాడు.