నాలుగో బటన్

“ఆ బొమ్మ వద్దు, మీ నాన్న కళ్ళు మూసుకున్నాడు. ఇంకోటి పెట్టు,” అంది జిపార్, కొడుకు భుజం మీదుగా కంప్యూటర్‌లోకి తొంగిచూస్తూ.

ఎర్మెక్ బొమ్మ మార్చాడు. నరీన్ పట్నం బజారులోని అతని వీడియో దుకాణానికి పాత క్యాసెట్లు పట్టుకొచ్చి డీవీడీ చేయించుకోని ఇల్లు ఊళ్ళో లేదు. ఇప్పుడు సొంతింటి పని. అమ్మానాన్నల పెళ్ళయి పాతికేళ్ళు. ఎల్లుండి విందులో ఈ డీవీడీ చూసి చుట్టాలంతా ముక్కున వేలేసుకోవాలని అతని ఆశ. మెనూలో మూడు బటన్లు పెట్టాడు. పెళ్ళి భోజనాలు, చిన్నప్పుడు తన కాళ్ళకు కట్టిన తాడు కోసి తొలి అడుగు వేయించిన వేడుక, కొత్త ఇంట్లోకి రావడం.

ఫోన్ మోగింది. స్నేహితుడు సూయున్.

“ఒరేయ్, కారు దొరికింది. రేపు నాలుగింటికి. పెట్టెలోంచి తెర తీశావా?”

ఎర్మెక్ పక్కకు వెళ్ళి గొంతు తగ్గించాడు. “తీశా. అమ్మకి తెలీదు.”

“తెలీనివ్వకు. రేపు ఆవిడ మొహం చూడాలి మనం.”

నవ్వుకుంటూ వచ్చేసరికి తల్లి సంచిలోంచి ఇంకో క్యాసెట్ తీసింది. మీద పేరు లేదు.

“ఇదేంటమ్మా?”

“వేసి చూడు.”

మూలన 1992 అని తేదీ. తాతగారిల్లు. పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టే ఎర్ర పూల తెర. దాని వెనక ఓ అమ్మాయి ఏడుస్తోంది. ఇద్దరు ముసలమ్మలు పెళ్ళికి ఒప్పుకున్నట్టు ఆమె తలకు తెల్ల రుమాలు చుడుతున్నారు. లాగి పారేసింది. మళ్ళీ చుట్టారు. మళ్ళీ పారేసింది. “వదలండి, మా అమ్మ దగ్గరికి పోతాను” అంటూ గుమ్మం వైపు పరుగెత్తింది. గుమ్మానికి అడ్డంగా నాయనమ్మ పడుకుని ఉంది. పెద్దామెను దాటిన పిల్లకు శాపం తప్పదు. ఆ అమ్మాయి కాలు ఎత్తింది, దించింది, అక్కడే కూలబడింది. వీడియో తీస్తున్నవాడు పకపకా నవ్వాడు.

అప్పుడామె ఇటు తిరిగింది. ఎర్మెక్ కంప్యూటర్ మీదికి వంగాడు.

“అమ్మా... ఇది నువ్వు.”

“నేనే. పంతొమ్మిదేళ్ళు. కాలేజీ నుంచి వస్తుంటే కారులో పడేసి తెచ్చారు.”

“మరి నాన్నా నువ్వూ ప్రేమించుకున్నామని...”

“పిల్లలకి ఇంకేం చెప్పమంటావు? అంతకుముందు నాతో రెండు మాటలైనా మాట్లాడి ఎరగడు మీ నాన్న.”

“నాన్న మంచివాడు కదమ్మా,” అన్నాడు ఏడుపు ఆపుకుంటూ.

“మంచివాడే. అదిగో, గుమ్మం పక్కన ఇకిలిస్తూ నిలబడ్డవాడూ ఆయనే.”

చూడలేక ఎర్మెక్ వీడియో ఆపేశాడు. తన తల్లిని అలా ఏడిపించినవాళ్ళ మీద కోపం ముంచుకొచ్చింది. తీరా చూస్తే వాళ్ళంతా తనవాళ్ళే.

“చుట్టాల ముందు ఇదెలా వేస్తాం? పరువు పోతుంది. చెరిపేస్తాను.”

“చెరపకు. నాలుగో బటన్ పెట్టు. చుట్టాలు చూడక్కర్లేదు. ఒక్కడు చూస్తే చాలు.”

“ఎవరు, నాన్నా?”

“పొద్దున పెట్టె తెరిస్తే నా పెళ్ళి తెర లేదు,” అంది జిపార్.

“అది... విందుకి గోడ మీద కడదామని...”

“సూయున్ వాళ్ళమ్మని అడిగాను. ఆవిడ దాచలేకపోయింది.”

ఎర్మెక్ కంప్యూటర్ వైపు తిరిగాడు. తల్లి అతని గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది.

“రేపు నువ్వు ఎత్తుకొచ్చే పిల్లకీ పంతొమ్మిదేళ్ళేరా.”